వంకరవేలు

ఫిబ్రవరి 3

అక్కకి,

నీ ఉత్తరం అందింది. చదివి పళ్ళు కొరుక్కున్నాను. "చేతులు కాస్త పగిలాయిలే, పనన్నాక తప్పుతుందా" అని రాశావు చూడు, ఆ "కాస్త" దగ్గరా, ఆ "లే" దగ్గరా నాకు ఒళ్ళు మండింది. పొద్దస్తమానం సున్నపు తొట్టిలో ఒట్టి చేతులు ముంచి తోళ్ళు దేవుతుంటే పగలక ఏం చేస్తాయి? ఎద్దు తోలు మీద వెంట్రుకలు ఊడగొట్టడానికే కదా ఆ సున్నం? ఎద్దు ఎవరో మా అక్క ఎవరో తొట్టికేం తెలుసు?

కార్మికుల ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం దొరికింది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, అయినా ఉన్నంతలోనే నిప్పులు కక్కుతోంది. ఒక పేజీ అడుగున ఉన్న మాట నీ కోసం ఎత్తి రాస్తున్నాను: "చర్మం మనిషికి కోటగోడ". ఎంత మాట! ఆ గోడకి మీ యజమాని రోజూ కన్నం వేయిస్తున్నాడు. అదీ నీ చేతనే.

నా ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. రబ్బరు తొడుగుల కర్మాగారంలో నన్ను ముంచే గదిలో వేశారు. నువ్వు చూస్తే జడుసుకుంటావు. ఇనుప బద్దలకి పింగాణీ చేతులు బారులుగా వేలాడుతుంటాయి, మణికట్టు దాకానే, వేళ్ళు కిందికి పెట్టి. మీట నొక్కితే అన్నీ ఒక్కసారే రబ్బరు పాలలోకి దిగుతాయి. అడుగున ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు కాసేపు ఉండి, మళ్ళీ ఒక్కసారే పైకి లేస్తాయి. ఆరాక మేము తొడుగు ఒలిచి తీస్తాం. వాటిలో ఒక ఎడమ చేతికి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది, కాల్చినప్పుడు వంగిందట. దానికి నేను వంకరవేలు అని పేరు పెట్టాను. దాని తొడుగులు బజారుకి పనికిరావు, మమ్మల్నే పట్టుకుపొమ్మంటారు. అవే నీకు పంపుతున్నాను. ఎడమవి అన్నీ మా వంకరవేలువే. కుడివి కూడా ఏదో ఒక అవకరం ఉన్నవే, కానీ చిల్లు మాత్రం లేదు, ఊది చూశాను.

నువ్వూ వేసుకో, నీ తొట్టి దగ్గరవాళ్ళకీ ఇవ్వు. ఒక్క మాట గుండెల మీద రాసుకో. తొడుగు తీసెయ్యమన్నవాడు మేస్త్రీ అయినా, డాక్టరయినా వాడు యజమాని మనిషే. రేపు నేనే వచ్చి తీసెయ్యమన్నా సరే, నమ్మకు. నన్నూ కొనేశారనుకో!

బావకి నమస్కారాలు. నా మేనకోడలు పిచ్చుకకి ముద్దులు.

నీ అగ్గిపెట్టె


ఫిబ్రవరి 24

ఒరే అగ్గిపెట్టె,

నీ మూట వచ్చింది. మీ బావ విప్పి, అరచేతులు కుప్పగా బయటపడేసరికి "ఇదేం కానుకరా బాబూ" అని ఒక్క అడుగు వెనక్కి వేశారు. పిచ్చుకకి మాత్రం పండగే. ఒకటి లాక్కుని నోట్లో పెట్టి బుడగలా ఊదింది. వేళ్ళు అయిదూ లేచి నిలబడ్డాయి. "మామయ్య చెయ్యి, మామయ్య చెయ్యి" అని ఇల్లంతా తిరిగి అందరికీ షేక్‌హ్యాండ్ ఇప్పించింది. ఒకటి దానికే వదిలేశాను. అది లేకపోతే పక్క ఎక్కదు.

తొట్టి దగ్గర మొదట నవ్వారు. మా పెద్దనోరు సంగతి చెప్పానుగా, నా పక్క తొట్టి ఆవిడ, ఆవిడ గొంతుకి మేస్త్రీ కూడా చెవులు మూసుకుంటాడు. "నీ తమ్ముడు మనల్ని దొరసానుల్ని చేస్తున్నాడే" అంది. తర్వాత నీ ఉత్తరం అడిగి తీసుకుని, భోజనాల వేళ బల్లెక్కి నాటకంలోలా చదివింది. "నేనే వచ్చి తీసెయ్యమన్నా నమ్మకు" అన్నచోట అందరూ చప్పట్లు. ఇప్పుడు అదే మాట మా వాళ్ళ ఊతపదం. ఎవరైనా తుమ్మినా "నిన్నూ కొనేశారా?" అంటున్నారు.

నీ వంకరవేలు నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. నా చిటికెన వేలు తిన్ననిదాయె. ఇప్పుడు అలవాటైంది. పుళ్ళు మాత్రం మానుతున్నాయిరా. పోయిన వారం తల దువ్వుకుంటే జుట్టు వేళ్ళకి గుచ్చుకోలేదు. చాలా రోజులైంది అలా దువ్వుకుని.

తొడుగులు అక్కడ వదిలితే ఎవరైనా పట్టుకుపోతారని విప్పగానే నడుముకి దోపుకుంటున్నాను. ఇంటిదాకా నాతోనే. ఒళ్ళు వేడికి మెత్తగా అంటుకుని ఉంటాయి, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టు.

వేళకి తింటున్నావా? పుస్తకాలు తిని బతకలేవు.

అక్క


మార్చి 15

అక్కకి,

పుళ్ళు మానాయన్న మాట మా గదిలో అందరికీ చదివి వినిపించాను. నాకు పట్టపగలే మీసం మొలిచినట్టయింది. చూశావా, గోడకి ఒక్క రాయి తిరిగి పెడితేనే ఇంత!

మీ మేస్త్రీ మందూ మాకూ ఇవ్వడు కనుక నువ్వే ఏదైనా నూనె రాసుకుని, తొడుగులు వేసుకునే పడుకో. మూసి ఉంచితే మందు బాగా ఇంకుతుందని ఎక్కడో చదివాను.

ఇక్కడ మావాళ్ళతో నాకు రోజూ గొడవే. గేటు దగ్గర మీటింగు పెట్టి, గాలి ఆడటానికి కిటికీలు పెట్టమని అడుగుదాం, పిడికిళ్ళు ఎత్తండి అన్నాను. అందరూ ఎత్తారు, ఒక్క దొర తప్ప. దొర అంటే రబ్బరు పాలలో పొళ్ళు కలిపే ఆయన. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే పుట్టాడు. నమస్కారం పెట్టినా తల ఊపుతాడంతే. "జేబుల్లో యజమాని ఏం పెట్టాడో, చేతులు బయటికి రావటం లేదు" అని అందరి ముందూ అన్నాను. ఎర్రబడ్డాడు. అలాంటివాళ్ళ వల్లే మన బతుకులు ఇలా ఉన్నాయి.

ఈ మధ్య కలుపుతున్న కొత్త పొడి మంచిదట. దానితో రబ్బరు ముసలిదవదు, పగలదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుందట. నీకు పంపినవి అవే. కనుక పొదుపు చేయకు, వాడు.

నీ అగ్గిపెట్టె


ఏప్రిల్ 19

తమ్ముడికి,

ఆలస్యమైంది. రాయాలని కూర్చుంటే కలం పట్టుకున్న చెయ్యి కనపడుతుంది, లేచిపోతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పడుకున్నా తొడుగులతోనే. ఇప్పుడు అవి విప్పినా విప్పినట్టు ఉండటం లేదు. మొన్న భోజనానికి కూర్చుంటే మీ బావ "అవి తీసి కూర్చో" అన్నారు. ఏం చెప్పను? చేతులు వెనక్కి పెట్టుకుని "మీరు కానివ్వండి" అన్నాను. పిచ్చుక కూడా తన తొడుగు వదలటం లేదు, మూతి మీదే పెట్టుకుని తిరుగుతోంది.

నీకు నవ్వులాటగా రాద్దామనుకున్నాను, కుదరటం లేదు. మీ గదిలో ఎవరికైనా చేతులకి ఏమైనా అయిందా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


మే 2

అక్కకి,

బావ మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఈ మాట అనక తప్పదు. "అవి తీసి కూర్చో" అనడానికి ఆయనెవరు? ఇల్లు కూడా ఒక కర్మాగారమే, అక్కడా ఒక మేస్త్రీ ఉంటాడు! తీయనని మొహం మీద చెప్పు. నువ్వు భయపడి చేతులు వెనక్కి పెట్టుకున్నావంటే నాకు కన్నీళ్ళు వచ్చాయి. చేతులు దాచుకోవాల్సింది నువ్వు కాదు.

మా గదిలో చేతులకి ఏమీ కాలేదు. మేము తొడుగులు చేసేవాళ్ళమే కానీ వేసుకునేవాళ్ళం కాదుగా!

ఇక ఆగకండి. మీ తొట్టెల దగ్గరవాళ్ళందరికీ యజమానే తొడుగులు కొనివ్వాలని అడగండి. ఇవ్వకపోతే పని ఆపండి. పెద్దనోరుని ముందు నిలబెట్టు, ఆవిడ గొంతు చాలు.

నీ అగ్గిపెట్టె


మే 24

తమ్ముడూ,

నేను రాసింది నీకు అర్థం కాలేదు. తప్పు నాదే, దాచి దాచి రాశాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ ఉత్తరం పైకి చదవకు.

నా చేతులు తెల్లబడ్డాయి. పాలిపోవటం కాదు, తెలుపు. వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు మీదుగా, తొడుగు అంచు ఎక్కడిదాకా వస్తుందో సరిగ్గా అక్కడిదాకా. అక్కడ గీత గీసినట్టు ఆగిపోయి, పైన నా మామూలు రంగు మొదలవుతుంది. నొప్పి లేదు, దురద లేదు. తొడుగులు విప్పి పక్కన పెడితే, ఇంకో జత వేసుకునే ఉన్నట్టుంటుంది. మీ బావ తీయమన్నది ఆ జతని. పాపం ఆయన మసక వెలుతుర్లో నిజంగానే అనుకున్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని చూసి, నా పక్కనే కూర్చున్నారు. ఆయన్ని ఏమీ అనకు.

పెద్దనోరుకీ మొదలైంది. నువ్వు పంపినవి వేసుకున్నవాళ్ళందరికీ ఎంతో కొంత. సున్నం తెల్లగా ఉంటుంది కాబట్టి ఒంట్లోకి దిగి తెల్లబరుస్తోందని మా వాళ్ళు తేల్చారు. నేనూ అదే అనుకున్నాను. కానీ పిచ్చుక సంగతేమిటిరా? అది తొట్టి మొహమే చూడలేదు. దాని పెదాల చుట్టూ తెల్లగా గుండ్రంగా వచ్చింది, పాలు తాగి మూతి తుడుచుకోనట్టు. తుడుస్తాను, తుడుస్తాను, పోదు. పక్కింటావిడ తన పిల్లల్ని మా వాకిట్లోకి రానివ్వటం మానేసింది.

ఇంకొకటి ఉంది. మీ బావకి కూడా చెప్పలేదు. నిన్న స్నానం చేస్తూ అద్దంలో చూసుకున్నాను. నా ఎడమ నడుము మీద ఒక చెయ్యి ఉంది. తెల్లటి చెయ్యి, అయిదు వేళ్ళూ చాచి, వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు. బొటనవేలు వీపు వైపు. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. నా చెయ్యి దాని మీద పెట్టి చూశాను, సరిపోలేదు. మీ బావదీ అలా ఉండదు. ఎవరిది?

సోమవారం నుంచి పని ఆపుతున్నాం, తొడుగుల కోసం. నువ్వు చెప్పినట్టే పెద్దనోరు ముందు నిలబడుతోంది.

అక్క


జూన్ 1

అక్కా,

తీసెయ్. ఈ ఉత్తరం చదవటం ఆపి ముందు పిచ్చుక దగ్గరున్నది తీసెయ్. మళ్ళీ వచ్చి చదువు.

అది వంకరవేలు. నీ నడుము మీద ఉన్నది నా పింగాణీ చెయ్యి. నువ్వు నడుముకి దోపుకున్న తొడుగు, నీ ఒంటి వేడికి అంటుకుని, తన బొమ్మ తానే వేసుకుంది. సున్నం కాదక్కా. నడుముకి సున్నం ఎక్కడిది? పిల్ల మూతికి సున్నం ఎక్కడిది? ఆ వంగిన చిటికెన వేలు నాకు తెలుసు. రోజూ నా ఎదురుగా పాలలో మునిగి లేస్తున్న వేలు అది.

ఉత్తరం జేబులో పెట్టుకుని దొర దగ్గరికి పరుగెత్తాను. పొళ్ళ గదిలో ఒక్కడే ఉన్నాడు.

"కొత్త పొడి ఏమిటి?" అన్నాను.

"నాకేం తెలుసు అబ్బాయ్? డబ్బా వస్తుంది, కొలిచి పోస్తాను."

"మీ చేతులు చూపించండి."

"ఎందుకు? జేబుల్లో యజమాని ఏం పెట్టాడో చూస్తావా?"

నా మాటే నాకు తిరిగొచ్చింది. నీ ఉత్తరం తీసి పిచ్చుక సంగతి చదివాను. మధ్యలోనే ఆపమన్నాడు. చేతులు బయటికి తీశాడు. అక్కా, సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి, మోచేతుల దాకా. ఒంటిమీద అక్కడక్కడా కూడా వచ్చిందట, పొడి తగలని చోట్ల.

"ఆ పొడి వచ్చాకే," అన్నాడు. "మేనేజరుకి చూపిస్తే ఇది మీ వంశంలోనే ఉండి ఉంటుంది, నలుగురికీ చూపించావంటే నిన్నెవరూ పక్కన కూర్చోనివ్వరు అన్నాడు. నువ్వు పిడికిలి ఎత్తమన్న ప్రతిసారీ ఎత్తాలనే ఉంటుంది అబ్బాయ్. ఎత్తితే కనిపిస్తుందని..."

"తగ్గుతుందా?" అంటే తల అడ్డంగా ఊపాడు.

గదికి వచ్చి ఆ పుస్తకం మళ్ళీ తీశాను. "చర్మం మనిషికి కోటగోడ" అన్న పేజీ వెనక రెండు పేజీలు రబ్బరు పాల చుక్క పడి అతుక్కుని ఉన్నాయి. నా చేతినుంచి పడిన చుక్కే. ఇన్నాళ్ళూ ఒకటే పేజీ అనుకుని తిప్పేశాను. ఆవిరి పట్టి విడదీశాను. ఆ వాక్యం అక్కడ అయిపోలేదక్కా. తర్వాతి పేజీలో "వంటిదని అనుకోవడమే మన మొదటి పొరపాటు" అని ఉంది. చర్మం తింటుందట. చెమట పట్టినప్పుడు ఎక్కువ తింటుంది, గాలి ఆడకుండా మూసి ఉంచితే ఇంకా ఎక్కువ. దానికి నోరుంది, నాలుక లేదు. ఏం తిన్నదో చెప్పలేదు. మనం అడిగితే నొప్పి లేదు, దురద లేదు అంటుంది.

పడుకునేటప్పుడు కూడా వేసుకోమన్నది నేను.

నా వేళ్ళ చివర్లు ఎండలో చూసుకున్నాను. రబ్బరు పాలు అంటుకుని ఆరిందనుకునేవాణ్ణి. గోకితే రావటం లేదు.

అందరికీ చెప్పు. అందరిచేతా తీయించు. ఆ సమ్మె ఆపించు.

తమ్ముడు


జూన్ 2

ఒరే అగ్గిపెట్టె,

గెలిచాంరా!

యజమాని దిగొచ్చాడు. పెద్దనోరు గేటెక్కి నీ మొదటి ఉత్తరం మొత్తం అప్పజెప్పింది, కాగితం చూడకుండా, ఆగకుండా. మధ్యాహ్నానికి బండి వచ్చింది. పెట్టెలకి పెట్టెలు తొడుగులు. పెట్టె మీద చాచిన చెయ్యి బొమ్మ, అది మీ కర్మాగారం ముద్రే కదూ? నీ చేతిమీదుగా వచ్చినవే అయివుంటాయని అందరికీ చెప్పాను. కొందరు కళ్ళకద్దుకున్నారు. తొడుగు లేనిదే ఎవరూ తొట్టి దగ్గరికి రాకూడదని మేస్త్రీ చేతనే బోర్డు రాయించాం.

నా చేతుల సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. ఇకమీదట ఎవరికీ రాకుండా చేశాం, అదే పదివేలు. నడుము మీదిది మాత్రం ఇంకా తెల్లగా తేలింది.

అక్క


జూన్ 11

తమ్ముడూ,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నాది చదువుకుని ఏమైపోయావో అని అప్పటినుంచీ అదే ఆలోచన.

నీది చదవగానే పిచ్చుక చేతిలోది లాక్కున్నాను. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. మర్నాడు ఉత్తరం పట్టుకుని తొట్టెల దగ్గరికి వెళ్ళాను. భోజనాల వేళ బల్లెక్కి నేనే చదివాను. నాకు పెద్దనోరు గొంతు లేదు, అయినా చదివాను. అయిపోయాక ఎవరో వెనకనుంచి "నిన్నూ కొనేశారా?" అన్నారు. అందరూ నవ్వారు. అది మామూలు నవ్వు కాదురా.

పెద్దనోరు నా దగ్గరికి వచ్చి మెల్లగా, ఆవిడ మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు, "పిచ్చిదానా, నీ తమ్ముణ్ణి కొనేశారే" అంది. "ఆ పిల్లాడు బంగారం. వాడికి ముందే తెలుసు ఇలా చేస్తారని. రేపు నేనే వచ్చి తీసెయ్యమన్నా నమ్మొద్దు అని వాడే రాయలేదూ? వాడి మాట మీద నిలబడదాం."

"వాడి మాటేనే ఇది!"

"ఇది వాడిచేత రాయించిన మాట. నిప్పులాంటి వాడు, ఇంత బేలగా రాస్తాడా? చివర అగ్గిపెట్టె అని సంతకం కూడా లేదు చూడు."

"మరి ఈ తెలుపు?"

"సున్నం తెలుపు కాదూ? దానిదే."

చుట్టూ చూశాను. అందరూ కొత్త తొడుగులు వేసుకుని నన్నే చూస్తున్నారు. బారులుగా, వేళ్ళు కిందికి పెట్టుకుని. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన పింగాణీ చేతులు గుర్తొచ్చాయి.

ఇక సిగ్గుపడలేదు. నడుము దగ్గర బట్ట పక్కకి తీసి చూపించాను. "నేను సున్నపు తొట్టిలో నడుము దాకా దిగానా? ఎప్పుడైనా చూశావా నువ్వు?" అన్నాను. పెద్దనోరు దగ్గరికి వంగి చూసింది. "ఎవరిదే అది?" అంది. నా పాత తొడుగు, ఎడమది, ఆవిడ చేతికిచ్చి, దాని మీద పెట్టి చూడమన్నాను. పెట్టింది. బొటనవేలు మీద బొటనవేలు, చిటికెన వేలి వంకర మీద వంకర. వెంట్రుకవాసి తేడా లేదు.

తర్వాత ఒక చప్పుడు వినపడింది, తడి తోలు ఒలిచినట్టు. ఎవరో తొడుగు తీస్తున్నారు. తర్వాత ఇంకొకరు. పెద్దనోరు అందరికన్నా ఆఖర్న తీసింది. తీసి, తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇవి కూడా తీసెయ్యాలే ఇప్పుడు, ఎలా?" అని నన్ను అడిగింది.

మేము మళ్ళీ పని ఆపాం. సున్నంలో ఒట్టి చేతులు పెట్టం, ఆ పొడి కలిసిన తొడుగులూ వేసుకోం. యజమానికి ఇది పిచ్చిలా ఉంది. మొన్న తొడుగుల కోసం ఆపారు, ఇవాళ తొడుగులొచ్చాయని ఆపారు అంటున్నాడు. ఎన్నాళ్ళు నిలబడతామో తెలియదు. ఇక మిగిలిన పని నీ దగ్గరుంది. నువ్వూ ఆ దొరా గేటు దగ్గర నిలబడండి. ఆయన్ని చేతులు ఎత్తమను. ఈసారి అందరికీ కనపడేలా ఎత్తమను. ఆ పొడి డబ్బా ఆగేదాకా దించొద్దను. నీ మీద నాకు కోపం లేదు. ఉన్నా ఇప్పుడు దానికి తీరిక లేదు.

పిచ్చుక నిన్న నా నడుము మీది చెయ్యి చూసింది. భయపడి గోడకి అతుక్కుపోయింది. "భయం లేదే, మామయ్య చెయ్యి" అన్నాను. దగ్గరికి వచ్చి తన చిట్టి చెయ్యి దాని మీద పెట్టి చూసింది. తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళి, మూతి చుట్టూ వేలితో రాసుకుంటూ చాలాసేపు నిలబడింది.

"మామయ్య తన చెయ్యి ఎప్పుడు తీసేస్తాడమ్మా?" అని అడుగుతోంది.

అక్క